పక్కింటి తోరా పాఠం, మా ఇంటి ప్రశాంతత

భోజనాల బల్ల దగ్గర ఎవరి తెర వాళ్లు చూసుకుంటూ తినడాన్ని మించిన కుటుంబ సౌభాగ్యం ఈ అమెరికాలో మరొకటి లేదు!

దీన్ని అందరూ తిడతారు. డాక్టర్లు తిడతారు, టీచర్లు తిడతారు. ఆ తిట్లను కూడా మనం ఫోన్‌లో వీడియోగా చూస్తూనే అన్నం కలుపుకుంటాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. పిల్ల ముందు ట్యాబ్లెట్ ఉన్నంతసేపూ దాని నోట్లో ముద్ద ఉంటుంది, ప్రశ్న ఉండదు. కన్నవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

నోవై అనే ఊళ్లోని మా ఇంట్లో ఈ ఏర్పాటు చక్కగా సాగిపోతూ ఉండేది. నేను కార్ల కంపెనీలో ఇంజనీర్‌ని, కాబట్టి చారన్నంతో పాటు ఆఫీస్ మెయిల్ కూడా లాగిస్తాను. నా భార్య బిందుమాధవి వాట్సాప్‌లో ఒక వంటల గ్రూప్ నడుపుతుంది. ఆ గ్రూప్‌లో వంటలు పెరిగేకొద్దీ మా ఇంట్లో తగ్గాయి, అది వేరే సంగతి. మా అమ్మాయి సాన్వి, అయిదో గ్రేడ్, ఎవరో రంగురంగుల జిగురు పిసికే వీడియో చూస్తూ తింటుంది. కేకల్లేవు, అలకల్లేవు. స్పూన్ల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

ఇంత పచ్చటి సంసారంలో చిచ్చు పెట్టింది పక్కింటివాళ్లు.

చెడ్డవాళ్లేం కాదు. చెడ్డవాళ్లయితే కంచె కట్టించుకునేవాణ్ని. నఫ్తాలి పళ్ల డాక్టర్, భార్య ద్వోరా లైబ్రరీలో పని చేస్తుంది. యూదులు, నిష్ఠగా ఉండే కుటుంబం. వాళ్లమ్మాయి తాలియాది మా సాన్వి ఈడే. అది వెళ్లేది యూదుల బడికి, ఇది వెళ్లేది మా వీధి బడికి. అయినా సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ వాళ్ల ట్రాంపొలిన్ మీదే గెంతుతూ కనిపిస్తారు.

వీళ్లకొక విచిత్రమైన అలవాటుంది. వాళ్ల పవిత్ర గ్రంథం తోరాను ఏడాదికి సరిపడేలా వారానికో భాగంగా విడగొట్టుకున్నారు. ఈ వారం ఏ భాగమో ప్రపంచంలో ఉన్న వాళ్ల బడులన్నిటిలోనూ పిల్లలకు దాదాపు అదే చెబుతారట. శుక్రవారం సాయంత్రం ఇంట్లో అందరూ బల్ల చుట్టూ చేరి దాని మీద మాట్లాడుకుంటారట. ఏడాది చివరికి పుస్తకం అయిపోతుంది. అయిపోగానే మళ్లీ మొదటి పేజీ! చదివిందే చదవడమేమిటండీ? మన పిల్లలైతే ఏడాదిలో రెండు గ్రేడ్ల మ్యాథ్ పూర్తిచేసి, మూడోదానికి వెయిటింగ్ లిస్ట్‌లో ఉంటారు.

పోనీ చదువుకోనీ. అసలు దారుణం ఏమిటంటే, ఆ బల్ల దగ్గర పిల్లలు పెద్దవాళ్లను ప్రశ్నలు అడగాలి. అడిగినందుకు మెచ్చుకుంటారు. పైగా శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా ఫోన్ ముట్టరు. అంటే పాపం, ఆ తండ్రికి పారిపోవడానికి దారే లేదు.

నవంబర్‌లో ఒక శుక్రవారం వాళ్లు మమ్మల్ని భోజనానికి పిలిచారు. బిందుమాధవి పులిహోర చేసి తీసుకెళ్తానంది. వాళ్ల వంటింటి నియమాలు వేరనీ, ఆకలి తెచ్చుకుంటే చాలనీ ద్వోరా నవ్వుతూ చెప్పింది. ఖాళీ చేతులతో వెళ్లడం కన్నా ఆ చలిలో చెప్పుల్లేకుండా వెళ్లడం నయమని మా ఆవిడ దారి పొడుగునా గొణిగింది. దారి అంటే పెద్దగా లేదులెండి, మా గడ్డి దాటితే వాళ్ల గడ్డి.

దీపాలు వెలుగుతున్నాయి. నఫ్తాలి పాట పాడాడు, రొట్టె విరిచి అందరికీ పంచాడు. సూప్ తాగుతుండగా తాలియా ఆ వారం భాగం చెప్పడం మొదలుపెట్టింది. ఒక చెడ్డ ఊరిని దేవుడు నాశనం చేయబోతుంటే అబ్రహాము అడ్డం పడ్డాడట. యాభైమంది మంచివాళ్లుంటే వదిలేస్తావా అని మొదలుపెట్టి, మెల్లగా పదిమందికి దింపాడట. నాకు హుషారు వచ్చింది. బేరం మన సబ్జెక్ట్ కదా! మెహదీపట్నం రైతుబజార్‌లో మా అమ్మ ఇంకా కిందికి దింపేదని చెప్పాను. అందరూ నవ్వారు. ఈ తోరా చదువు మరీ అంత ప్రమాదకరమైనదేం కాదనుకున్నాను.

అక్కడితో ఆపితే బాగుండేది. అదే వారం భాగంలో ఇంకో కథ కూడా ఉంది. కొడుకును బలి ఇమ్మని దేవుడు ఆ అబ్రహామునే అడుగుతాడు. ముక్కూమొహం తెలియని ఊరివాళ్ల కోసం అంత వాదించిన మనిషి, సొంత కొడుకు కోసం మాత్రం ఒక్క మాట అనకుండా వాణ్ని వెంటబెట్టుకుని కొండకు బయలుదేరతాడు. చివరికి పిల్లవాడికేమీ కాదు, దేవుడే ఆపుతాడు. కానీ దారిలో ఆ పిల్లవాడు తండ్రిని అడుగుతాడు: నిప్పు ఉంది, కట్టెలు ఉన్నాయి, మరి బలికి గొర్రెపిల్ల ఏది? దేవుడు చూసుకుంటాడులే అంటాడు తండ్రి.

నఫ్తాలి సాన్వి వైపు తిరిగి, నీకేమనిపించిందమ్మా అని అడిగాడు.

నేను చిరునవ్వుతో మా అమ్మాయిని కాపాడబోయాను. దానికి ఇవన్నీ తెలియవని చెప్పబోయాను. ఈలోగా అది స్పూన్ కింద పెట్టింది.

"ఆ బాయ్‌కి ఆల్రెడీ తెలుసు అంకుల్. తెలిసే అడిగాడు. డాడీ నోటితో చెప్తాడేమో అని."

నఫ్తాలి సూప్ గిన్నె పక్కకు జరిపి దానివైపు వంగాడు.

"మా డాడీ కూడా అంతే," అంది సాన్వి. "మనం మూవ్ అవుతున్నామా అంటే, చూద్దాంలే అంటారు."

ఇక్కడ పాఠకులకు ఒక చిన్న సంగతి మనవి చేసుకోవాలి. నాకు దేశానికి అవతలి కొసన ఉన్న రెడ్‌మండ్‌లో ఉద్యోగం వచ్చింది. క్రిస్మస్ సెలవుల్లో ఇల్లు మారాలి. కొన్ని వారాలుగా నేనూ బిందుమాధవీ బెడ్‌రూమ్ తలుపు వేసుకుని ఈ విషయమే మాట్లాడుకుంటున్నాం. పిల్లకు చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? సామాన్ల లారీ వచ్చిన రోజు ఎలాగూ తెలుస్తుంది కదా!

"చూద్దాంలే" అంటే ఏమిటని నఫ్తాలి అడిగాడు. అనువాదం నేనే చేయాల్సి వచ్చింది. వి విల్ సీ, అన్నాను. అతను ఎంతో సంతోషించాడు. కథలో ఆ తండ్రి చెప్పిన జవాబులోని హీబ్రూ మాటకు, అంటే తోరా భాషలోని మాటకు కూడా 'చూస్తాడు' అనే అర్థమట. తండ్రులందరికీ ఒకటే భాష అన్నాడు. అని, మా మొహాలు చూసి ఆగిపోయాడు. తాలియా అప్పటికే తినడం మానేసి సాన్వినే చూస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు సన్నగా మంచు పడుతోంది. బిందుమాధవి మా గరాజ్ ముందు ఆగింది.

"ఇప్పుడే చెప్పేయండి," అంది. "ఇంట్లోకి వెళ్తే మళ్లీ చెప్పరు."

చెప్పాను. ఊరు, ఉద్యోగం, కొత్త బడి. అక్కడ మంచు తక్కువని కూడా కలిపాను, అదేదో కానుకైనట్టు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతులు జాకెట్ జేబుల్లో పెట్టుకుని మొత్తం విన్నది.

"తాలియాకి నేనే చెప్పనా?"

సరేనన్నాను. గడ్డి దాటి పరుగెత్తింది. ఆ రోజు వాళ్లు ఫోన్ లాగే కాలింగ్ బెల్ కూడా వాడరని దానికి తెలుసు. పిడికిలితో తలుపు తట్టింది.

బిందుమాధవి లోపలికి వెళ్లలేదు, నేనూ వెళ్లలేదు. వాళ్ల కిటికీకి పరదా వేసి లేదు. ద్వోరా ఒక కుర్చీ వెనక్కి లాగింది. సాన్వి కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. చేతులు తిప్పుతూ, మధ్యలో ముక్కు తుడుచుకుంటూ, ఆగి, మళ్లీ మొదలుపెట్టి. ముగ్గురూ వింటున్నారు. ఎవరూ దాని మాటకు అడ్డం రాలేదు. తాలియా లేచి వచ్చి దాని కుర్చీలోనే ఇరుక్కుని కూర్చుంది. అయినా మా అమ్మాయి మాటలు ఆగలేదు.

కాబట్టి పాఠకులారా, అనుభవంతో చెబుతున్నాను. ఇలాంటి ఇళ్లకు భోజనానికి వెళ్లకండి! వెళ్లారో, మీ పిల్ల అంతసేపు మాట్లాడగలదని చలిలో నిలబడి, పక్కింటి కిటికీలోంచి తెలుసుకోవాల్సి వస్తుంది.