గుమ్మడికాయ ఆగే క్షణం

నిత్యానందం మాస్టారు నవ్వగా చూసినవాళ్లు మార్కాపురంలో ఎవరూ లేరు. పేరు పెట్టడంలో ఆయన తండ్రి తొందరపడ్డాడని మా స్కూల్లో అందరి అభిప్రాయం. ఆయన లెక్కల మాస్టారు, నేను డ్రాయింగు మాస్టారిని. మిషన్ కాంపౌండులో మా రెండిళ్లకూ నడుమ ఒక్కటే గోడ. అందుచేత ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటలు వినడానికి నేను చెవి పెట్టాల్సిన పని కూడా ఉండేది కాదు.

ఆయన గుంటూరులో ఇంటర్మీడియట్ చదివినప్పుడు కాలిక్యులస్ నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడు గాని, వాడే చోటు దొరకలేదు. మా స్కూల్లో భిన్నాలు దాటితే బారువడ్డీ, అది దాటితే సెలవులు. పట్టుపంచె కొనుక్కుని పెళ్లిపిలుపు కోసం ఎదురుచూసే మనిషిలాగా ఆయన ఏళ్ల తరబడి ఎదురుచూశాడు.

ఆ పిలుపు మేక రూపంలో వచ్చింది.

ఆయన భార్య ఎలీషబా పెరట్లో గుమ్మడిపాదు పెట్టింది. ఆ ఎండల్లో పాదు బతికిందంటే అది బావి చలవ కాదు, ఆమె నడుము చలవ. బిందెలు మోసి మోసి కాయించింది. మొదటి కాపు మొత్తం కోత పండుగకు గుడిలో అర్పిస్తానని సంఘం ముందర దేవునికి మాట ఇచ్చింది. ఒక ఉదయం ఎవరిదో మేక లోపలికి వచ్చి, ఒక కాయను రుచి చూసి, బాగుందన్నట్టు తల ఊపి పోయింది.

"ఏమండీ, పండగ దాకా ఈ కాయలు మిద్దె మీద పెట్టాల. లేకుంటే మేకలే కోత పండగ చేసుకుంటాయి. నిచ్చెన వేసినా. ఎక్కి పెట్టి రాండి" అంది.

నిచ్చెన మాట వినగానే మాస్టారికి మోకాలు నొప్పి వచ్చింది. ఆమె ఆముదం రాసింది. మర్నాడు నిచ్చెన మెట్టు వదులుగా ఉందన్నాడు. ఆమె తాడుతో బిగించింది. ఆ మర్నాడు ఉతికిన పంచె కట్టుకున్నానన్నాడు. ఆమె మాసిన పంచె తెచ్చి ఇచ్చింది.

అసలు సంగతి ఏమిటంటే, ఆయనకు ఎత్తు భయం. క్యాలెండరు తగిలించడానికి కుర్చీ ఎక్కినా లోలోపల ప్రార్థన చేసుకునే మనిషి. ఈ రహస్యం లోకంలో తనకొక్కడికే తెలుసని ఆయన నమ్మకం.

నాలుగో సాకు దొరక్క అల్లాడుతుండగా ఆయన బుర్రలో గుంటూరు వెలిగింది. పరుగున నా దగ్గరికి వచ్చి, "డ్రాయింగు మాస్టారూ, పెద్ద పలక ఒకటి పట్టుకుని రాండి" అన్నాడు. పలకరాయి తవ్వే మార్కాపురంలో పలకకు కరువేముంది? తలుపంత పలక మోసుకుపోయాను.

"ఎలీషబా, నిచ్చెన మోతలు పాతకాలం. నువ్వు మిద్దె మీద నిలబడు. నేను కింది నుంచి కాయ విసురుతా. అది సరిగ్గా నీ చేతుల కాడికి వచ్చి ఆగుతాది. నువ్వు పువ్వు కోసినట్లు తీసుకోవడమే."

"గాల్లో ఆగేదానికి అదేమన్నా గద్దా?"

"మాస్టారూ, గీత గీయండి" అన్నాడు నాతో.

ఆయన చెప్పినట్టే ఎడమ నుంచి లేచి, నడిమిన గూనిలాగా వంగి, కుడివైపు దిగే గీత గీశాను. అందానికి కొసన ఒక గుమ్మడికాయ, రెండాకులు, తొడిమ కూడా వేశాను. ఆయన తొడిమ చెరిపేశాడు.

"కాయ ఇట్ల వంకరగా పోతాదా? అయితే పక్కింట్లో పడుతాది గదా" అంది ఎలీషబా.

"కాయ నిలువుగానే పోతాది. ఇది కాయ పోయే దోవ కాదు. అడ్డంగా కాలం, నిలువుగా ఎత్తు. ఏ క్షణంలో ఎంత ఎత్తున ఉందో ఈ గీత చెప్తాది. ఇప్పుడు వేగమంటే ఏంది? ఎత్తు ఎంత జోరుగా మారుతున్నదీ అని. మొదట్లో చూడు, గీత నిటారుగా లేచింది. అంటే జోరు ఎక్కువ." గీత మీద స్కేలు ఆనించి మెల్లగా జరుపుతూ పోయాడు. "పోను పోను స్కేలు వాలుతున్నది. నెత్తి మీదికి వచ్చేసరికి అడ్డంగా పండుకున్నది. వాలు సున్న. అంటే వేగం సున్న! ఈ వాలు కనిపెట్టేదే డెరివేటివ్."

ఎలీషబా స్కేలును కాసేపు చూసింది. "వేగం సున్న అయితే కాయ అక్కడే ఉండాల గదా. మళ్ల ఎందుకు దిగుతాది?"

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. ఆ ప్రశ్న గుంటూరులో ఆయన క్లాసులో ఎవరూ అడగలేదట.

"వేగం సున్నే గాని, వేగం మారేది ఆగలేదు. భూమి లాగుతానే ఉంటాది. పైకి పోయేటప్పుడు వేగం తగ్గుతా తగ్గుతా సున్న అయితాది, ఆ మరుక్షణమే కిందికి తిరుగుకుంటాది."

"అంటే, చూసేదానికి నిలబడినట్లే ఉంటాది. లోపల మాత్రం పోయేదానికి తయారుగా ఉంటాది."

"అదే!"

"ఆదివారం ప్రసంగంలో మీరు కూర్చునేది గూడ అట్లనేనండీ."

ఆయన వినిపించుకోలేదు. నా చేతి నుంచి సుద్ద లాక్కుని లెక్క కట్టాడు. తన చేతి నుంచి ఆమె చేతి దాకా తొమ్మిది అడుగులు. సెకనుకు ఇరవై నాలుగు అడుగుల వేగంతో విసిరితే ముప్పావు సెకనులో సరిగ్గా అక్కడ సున్న.

"లెక్క బాగుంది. మీ చెయ్యి ఇరవై నాలుగుతో విసిరిందో ఇరవై ఆరుతో విసిరిందో చెయ్యికి ఎట్ల తెలుస్తాది?" అంది.

"చెయ్యి నాది" అన్నాడు.

ఆమె నిట్టూర్చి నిచ్చెన ఎక్కింది.

మొదటి కాయ చిన్నది. మాస్టారు కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, విసిరాడు. చెప్తే నమ్మరు, అది లేచి లేచి పిట్టగోడ పక్కన ఆమె అరచేతుల కాడ ఆగింది. నిద్రపోయిన బిడ్డను ఒడి మార్చినట్టు ఆమె అందుకుంది. మాస్టారు నా వైపు చూసిన చూపులో నాకు ఎక్కడ లేని పాండిత్యం కనిపించింది. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు.

రెండోది పెద్దది. సగం దారిలోనే దాని వేగం సున్న అయింది. మాస్టారు వెనక్కి గెంతాడు గాని నా పలక గెంతలేకపోయింది. గీత ఎక్కేవైపు ఒక ముక్క, దిగేవైపు ఒక ముక్క అయింది.

మూడోది పిట్టగోడకు కొట్టుకుని బద్దలైంది. ఆ చప్పుడుకు కాంపౌండులో ఉన్న మేకలన్నీ వచ్చి వరుసగా నిలబడ్డాయి.

"చాలండీ!" అంది పైనుంచి ఎలీషబా. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "ఒక్కొక్క కాయకు ఎన్ని బిందెలు మోసినానో మీకు తెలుసు. దేవునికి మాట ఇచ్చిన కాయలు."

"తక్కువైంది, అంతే. కొంచెం పెంచుతా" అని నాలుగోది విసిరాడు.

పెంచాడు. కాయ ఆమె చేతుల మధ్య నుంచి దూసుకుపోయి, మిద్దె దాటి, ఇంటి ముందువైపు దిగింది. సరిగ్గా అప్పుడే అక్కడ పాస్టరు సీమోను అయ్యగారు ఒంటెద్దు బండి దిగుతున్నారు. కాయ బండిలోని గడ్డి మీద పడింది. ఎద్దు బెదిరి బండితో సహా వీధిలోకి పరుగెత్తింది. అయ్యగారు గొడుగు తిరగేసి పట్టుకుని పెరట్లోకి వచ్చారు.

"దేవునికి ఇచ్చేది ఇట్ల విసిరేస్తారా నాయనా?" అన్నారు.

ఎలీషబా నిచ్చెన దిగి, కొంగు సర్దుకుని, వినయంగా అంది: "విసిరేదాంట్లో తప్పు లేదయ్యగారూ. పట్టేది నాకు చేతకాలేదు. లెక్క రాని దాన్ని. ఆయన పైకి పోయి పడితే సరిగా ఉంటాది. నేను విసురుతా."

"సబబే. ఎక్కు నాయనా" అన్నారు అయ్యగారు.

పట్టుకోవడం పువ్వు కోసినంత తేలికని ఇందాక చెప్పింది ఆయనే. ఇక తప్పించుకునే దారి లేదు. మాస్టారు నిచ్చెన ఎక్కాడు. ఒక్కొక్క మెట్టుకూ ఒక్కొక్క కీర్తన చొప్పున ఎక్కి, పైన నడిమధ్య నాలుగు కాళ్ల మీద నిలబడ్డాడు.

ఎలీషబా కాయ విసరలేదు. గంపలో పేర్చి, బావి తాడు కట్టి, కొస పైకి వేసింది.

"విసురుతానంటివే?"

"అయ్యగారి ముందర దేవుని కాయలు విసురుతానా? లాగండి."

మిగిలిన కాయలన్నీ ఆయన లాగాడు. అయ్యగారు మెచ్చుకుని, ఎద్దును వెతకడానికి వెళ్లారు. మేకలు బద్దలైన కాయలు ముగించి వెళ్లాయి. మాస్టారు మాత్రం దిగలేదు. పైన గాలి బాగుందన్నాడు.

పొద్దు గుంకేవేళ ఎలీషబా పళ్లెంలో అన్నం పెట్టుకుని పైకి పోయింది. నా పెరట్లోకి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"పెండ్లయిన కొత్తలో గిద్దలూరులో మా నాయన మిద్దె మీద మనకు పడక వేపించినాడు. చలిగా ఉందని మీరు కిందనే పండుకున్నారు. నడివేసవిలో."

పళ్లెం కింద పెట్టిన చప్పుడైంది. తరువాత మాస్టారి గొంతు: "అప్పటి నుంచీ తెలుసా?"

"తెలుసు."

"మరి ఎక్కు ఎక్కు అని ఎందుకు సతాయిస్తివి?"

"భయమే అని మీరే ఒక్క మాట అంటారేమోనని చూస్తిని. అంటే నేనే గంప కట్టుకుని ఎక్కించుకుందును గదా. భయమనేదానికి బదులు మీరు నాలుగు కాయలు విసిరిరి."

ఆయన ఏమన్నాడో వినపడలేదు. లెక్కలో తప్పు లేదన్న ముక్క మాత్రం వినపడింది. తరువాత ఆమె ముందు దిగి, ఆయన పాదాలు ఒక్కొక్కటే పట్టి మెట్ల మీద పెడుతూ దింపింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సీమోను అయ్యగారు ప్రకటనలు చదివారు. "ఈ ఏడు పండగకు గుడి కప్పు మీద తోరణాలు కట్టే పని మన నిత్యానందం మాస్టారు ముచ్చటపడి అడిగినారు. ఎక్కేదంటే ఆయనకు ఎంత ఇష్టమో నేను కండ్లారా చూసినా."

మాస్టారు ఆడవాళ్ల వైపు తిరిగి చూశాడు. అందరూ లేచి నిలబడి ఉన్నారు. ఎలీషబా ఒక్కతే ఇంకా మోకరించి కళ్లు మూసుకుని ఉంది.

గుడి బయట పట్టుకున్నాడు. "నేనెప్పుడు అడిగితినే?"

"మీ బదులు నేను అడిగినా. ఒక్కసారి ఎక్కి ఊరుకుంటే మళ్ల మొదటికొస్తాది."

"పడితే?"

"నిచ్చెన నేను పట్టుకుంటా గదా."

పండుగ ముందురోజు సాయంత్రం సంఘమంతా చూస్తుండగా మాస్టారు గుడి కప్పు మీద తోరణాలు కట్టాడు. నన్ను రంగుకాగితాలు అందించడానికి పిలిచారు. కింద ఎలీషబా రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, తల పైకెత్తి చూస్తోంది.

"ఆ కొస మిగిలిపోయింది. ఇంకొంచెం జరగండి" అంది.

మాస్టారు కిందికి చూశాడు, చూసి కళ్లు మూసుకున్నాడు.

"లెక్క కట్టి జరుగుతారా, ఊరకనే జరుగుతారా?"

"ఊరకనే జరుగుతా" అని, మాస్టారు జరిగాడు.