అత్తగారి రెప్పపాటు

బుధవారం పొద్దున్న ఫొటోగ్రాఫరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, బావమరిది షాపుకు వెళ్ళడం, మంచి కెమెరా ఉన్న ఫోను ఒకటి ఎంచుకోవడం, భోజనం వేళకు ఇంటికి రావడం. ఇందులో కాఫీ, భోజనం తప్ప ఏదీ అనుకున్నట్టు జరగలేదు. ఆ భోజనం కూడా సగంలోనే ఆగింది.

"మామూలు ఫోను కాదు నాకు కావలసింది," అన్నారాయన భార్యతో. "షట్టర్ స్పీడు నా చేతిలో ఉండాలి. ఫోకస్ నా చేతిలో ఉండాలి. వెలుతురు ఎంత పట్టాలో నేను చెప్పాలి, అది వినాలి. అన్నీ దానంతటదే చేసుకుపోయే ఫోను సరదాకి తీసేవాళ్ళకి. నాలాంటివాడికి మాన్యువల్ ఉండి తీరాలి."

"కప్పు కూడా మీ చేతిలోనే ఉంది. తాగండి, చల్లారిపోతోంది," అంది భార్య.

ఆవిడ తేలిగ్గా తీసిపారేసింది గానీ ఆయనకిది పరువుకు సంబంధించిన విషయం. ఇరవై మూడేళ్ళుగా స్టూడియో నడుపుతున్న మనిషి. గుక్కపట్టి ఏడ్చే పసివాళ్ళను నవ్వించి తీశారు. నవ్వు ఆపుకోలేని పెళ్ళికొడుకులను గంభీరంగా తీశారు. ఆయనకు లొంగనిది ప్రపంచంలో ఒకే ఒక్క ముఖం, అది సొంత అత్తగారిది. పెళ్ళయిన మర్నాడు తీసిన మొదటి ఫొటో నుంచి నిన్నమొన్నటి ఫొటో దాకా ప్రతిదాంట్లోనూ ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆల్బమ్ తిరగేసే కొత్తవాళ్ళు ఆ ముఖం దగ్గర ఆగి, "పాపం, పెద్దావిడకి చూపు లేదా అండీ?" అని గొంతు తగ్గించి అడుగుతారు. ఇంట్లో ఫొటోగ్రాఫరు అల్లుడుండగా ఇంకొకరి చేత తీయించుకోవడానికి ఆవిడ ఒప్పుకోరు. అత్తగారంతటి మనిషితో "కళ్ళు తెరవండి" అనడం మర్యాద కాదని ఈయన ఎప్పుడూ అనలేదు. వచ్చిన ఫొటో చూసి ఆవిడ ప్రతిసారీ "చక్కగా వచ్చింది బాబూ" అనేవారు. ఆ మాట వింటే ఈయనకు మరింత బాధ.

ఈ ఆదివారం ఆవిడకు డెబ్భై నిండుతాయి. కుటుంబమంతా కూర్చుని ఫొటో దిగాలి. "బావా, ఏమీ అనుకోకు. ఈసారికి బయటి ఫొటోగ్రాఫర్ని పిలుద్దామా?" అని బావమరిది మెల్లగా అడిగాడు. అడిగినవాడు మెల్లగానే అడిగాడు గానీ, విన్నాయనకు రెండు రాత్రులు నిద్ర లేదు.

ఆ రెండు రాత్రుల్లోనే ఆయనకు కిటుకు తట్టింది. తప్పు అత్తగారిది కాదు, తనదీ కాదు, కెమెరా చేసే చప్పుడిది. ఆయన పద్ధతి ఇరవై మూడేళ్ళుగా ఒక్కటే. కెమెరాను స్టాండు మీద నిలబెడతారు. పక్కన నిలబడి, "కెమెరాను చూడకండి, నన్నే చూడండి. నేనెలా ఉంటే మీరూ అలాగే ఉండండి" అంటారు. ఆ మాట ఎవరూ పట్టించుకోరు, అందరూ కెమెరానే చూస్తారు. తర్వాత ఆయన ఒక్క క్షణం రెండు కళ్ళూ మూసుకుని, రాబోయే బొమ్మను మనసులో చూసుకుని, తీగ చివరనున్న బొత్తాం నొక్కుతారు. కెమెరా గట్టిగా టప్పుమంటుంది. ఆ చప్పుడుకే అత్తగారి రెప్ప వాలుతోంది! అదే ఫోనైతే చప్పుడుండదు. సెకనులో రెండువేలో వంతు స్పీడు పెడితే రెప్పకు వాలే వ్యవధే ఉండదు. సిద్ధాంతంలో ఎక్కడా లోపం లేదని ఆయన తనకు తానే రెండుసార్లు చెప్పుకున్నారు.

బావమరిది ఫోన్ల షాపు తెరిచి పది రోజులైంది. నడిమధ్య పొడుగాటి బల్ల, దాని మీద వరసగా పన్నెండు ఫోన్లు, ఒక్కోదానికి ఒక తీగ. వచ్చినవాళ్ళు ఎవరైనా తీసుకుని ఫొటో తీసి చూసుకోవచ్చు. ఫొటోగ్రాఫరుగారు సంచిలోంచి స్టూడియో దీపం తీసి ప్లగ్గు పెట్టేసరికి బల్ల మీద మిట్టమధ్యాహ్నం ఎండ కాసింది. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి, దాని రెక్క మీద ఒక అక్షరం రాసిన కాగితం అంటించి, ఫ్యాను తిప్పారు.

"ఆ అక్షరం ఏ ఫోన్లో చదవడానికొస్తే ఆ ఫోను నాది," అన్నారు.

"అందరూ వాళ్ళ మొహాలే తీసి చూసుకుంటారు సార్," అంది సేల్స్ అమ్మాయి.

"మొహాలదేముందమ్మా, కదలవు. నా కష్టమంతా రెప్పలతో."

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు గానీ, యజమాని బావగారు కదా అని తలూపింది. పన్నెండింటిలో పదకొండు ఫోన్లకు మాన్యువల్ ఉంది. చివరిది అన్నిటికన్నా చవకరకం, అంతా దానంతటదే చేసుకుపోతుంది. దానివైపు ఆయన చూడనైనా చూడలేదు. మిగతావన్నీ ఒకేలా ఉంటేనే పోలిక తేలుతుందని, పదకొండింటినీ అత్యంత వేగానికీ అతి తక్కువ వెలుతురుకూ మార్చి, ఫోకస్ జానెడు దూరంలో నిలబెట్టారు. కెమెరా మూసి మళ్ళీ తెరిచినా అవే సెట్టింగులు ఉండిపోయేలా లోపలెక్కడో ఉన్న ఏర్పాటు కూడా వెతికి పట్టుకుని, పదకొండుసార్లు ఓపిగ్గా నొక్కారు. గంటన్నర పట్టింది. నోటుబుక్కులో నాలుగు పేజీలు నిండాయి.

"తేలిందా బావా?" అన్నాడు బావమరిది, చెవి దగ్గర ఫోను పెట్టుకునే.

"రెండిటి దగ్గర ఆగింది. భోంచేసి వచ్చి తేలుస్తా. అప్పటిదాకా ఈ సెట్టింగులు ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

బావమరిది "అలాగే, అలాగే" అన్నాడు. ఆ అలాగే అన్నది ఫోనులో అవతలివాళ్ళతో. ఫొటోగ్రాఫరుగారు తృప్తిగా దీపం విప్పి, సంచిలో సర్దుకుని ఇంటికి బయలుదేరారు. ఆ దీపం లేకుండా ఆ సెట్టింగుల్లో అమావాస్య తప్ప ఏదీ కనబడదన్న సంగతి ఫొటోగ్రఫీ తెలిసినవాళ్ళెవరికైనా తెలుసు. ఆయనకూ తెలుసు. కానీ ఆ సమయంలో ఆయన ధ్యాసంతా అత్తగారి రెప్పల మీద ఉంది.

ఆయన వెళ్ళిన పది నిమిషాలకు ఒక జంట వచ్చింది. భర్త మొదటి ఫోను తీసుకుని భార్యను ఫొటో తీశాడు. తెర నల్లగా ఉంది.

"నేనేదీ?" అంది భార్య.

రెండో ఫోనుతో తీశాడు. అదీ నలుపే. మూడోదాంట్లో మాత్రం పైన ట్యూబులైటు సన్నటి గీతలా పడింది. "ఇదిగో, ఇది నువ్వే అయ్యుంటావు," అన్నాడతను ఉత్సాహంగా. భార్య విసవిసా బయటికి నడిచింది. అతను ఫోను బల్ల మీద పడేసి వెనకాలే పరుగెత్తాడు.

సేల్స్ అమ్మాయి అన్ని ఫోన్ల అద్దాలూ తుడిచింది. నలుపు పోలేదు. బావమరిది కంగారుగా సరుకు పంపినవాళ్ళకు ఫోను చేస్తే, "తేమ పట్టి ఉంటుందండీ, ఏసీ ఆపి చూడండి" అన్నారు. ఏసీ ఆపారు. అరగంటకు అందరికీ చెమటలు పట్టాయి గానీ ఫోన్లలో మార్పు రాలేదు. పక్క షాపు దర్జీ వచ్చి చూసి, "లైట్లు చాలట్లేదు, అంతే" అని తేల్చేశాడు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. కొత్త లైట్లు బిగించాలంటే మెయిను ఆపాలన్నాడతను. మెయిను ఆపారు. ఎవరైనా చీకట్లో తడుముకుంటూ వచ్చి నిచ్చెనకు తగులుకుంటారేమోనని షాపు రోలింగ్ తలుపు సగం దించారు.

సగం దించిన తలుపును వీధిలో పోయేవాళ్ళు తమ మాటల్లో పూర్తిగా దించేశారు. వార్త నాలుగు వీధులు దాటి అత్తగారి పక్కింటావిడ దగ్గరికి చేరేసరికి షాపు శాశ్వతంగా మూతపడిపోయింది. "పది రోజులకేనా వదినా!" అని ఆవిడ అత్తగారిని ఓదార్పుగా అడిగింది. అత్తగారు వెంటనే కూతురికి ఫోను చేశారు.

ఫొటోగ్రాఫరుగారు అప్పుడే రెండోసారి అన్నం కలుపుకుంటున్నారు. "ఏవండీ, తమ్ముడి షాపు మూతపడిందట!" అంది భార్య.

"ఎవరో గిట్టనివాళ్ళు పుట్టించి ఉంటారు. పొద్దున్న నేను స్వయంగా అన్ని ఫోన్లూ చూశాను. దివ్యంగా ఉన్నాయి," అన్నారాయన. అన్నారే గానీ చెయ్యి కడుక్కుని లేచారు.

దారిలో అత్తగారిని కూడా వెంటబెట్టుకుని ముగ్గురూ షాపు చేరేసరికి కొత్త లైట్లు వెలిగాయి. ఎలక్ట్రీషియన్ నిచ్చెన మడుస్తున్నాడు. ఇన్ని లైట్లున్నా ఫోన్లలో నలుపు కాస్త బూడిదరంగుకు తిరిగిందంతే. బావమరిది ఎదురొచ్చి గోలపెట్టాడు.

"పదకొండు ఫోన్లు బావా! పొద్దున్న బాగానే ఉన్నవి ఒక్కసారిగా చచ్చిపోయాయి. ఆ చివరిదొక్కటే బతికుంది. సరుకంతా వెనక్కి తీసుకుపొమ్మని చెప్పేశాను, సాయంత్రం బండి వస్తుంది."

పదకొండు అన్న మాట వినగానే ఫొటోగ్రాఫరుగారికి సంగతంతా అర్థమైంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పక్కన భార్య ఉంది, ఎదురుగా అత్తగారున్నారు, ఇరవై మూడేళ్ళ అనుభవం ఉంది. ఆ మూడూ కలిసి నోరు నొక్కేశాయి.

"నేనోసారి... ఊరికే చూస్తాను," అని ఆయన బల్ల మొదటికి వెళ్ళి, అందరికీ వీపు తిప్పి నిలబడి, ఒక్కో ఫోనునూ గుట్టుగా మామూలు స్థితికి తేసాగారు.

వెనకాలే నడుస్తున్న సేల్స్ అమ్మాయి ఒక్కోటీ తీసి చూస్తోంది. "సార్! ఇది వచ్చేసింది! ఇదీ వచ్చేసింది! సార్ చెయ్యి పెట్టినవన్నీ బాగవుతున్నాయి!"

బావమరిది పరుగున వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "బావా, నువ్వు దేవుడివి బావా! బయటి ఫొటోగ్రాఫరన్నాను చూడు, నన్ను చెప్పుతో కొట్టాలి." బండి రావద్దని చెప్పడానికి అప్పటికప్పుడు ఫోను తీశాడు.

"మా అల్లుడి చెయ్యంటే ఏమనుకున్నావు మరి!" అన్నారు అత్తగారు. కంగారు తగ్గి, బల్ల చివర ఉన్న కుర్చీలో కూలబడ్డారు. కొంగుతో ముఖం తుడుచుకుని, ఎవరో సెల్ఫీ కెమెరా తెరిచి ఎదురుగా నిలబెట్టి వదిలేసిన చవక ఫోనులో తన ముఖం కనబడుతుంటే అద్దం దొరికిందనుకుని జుట్టు సవరించుకోసాగారు.

ఫొటోగ్రాఫరుగారు ఆవిడ వెనకే నిలబడి, పొగడ్తను మింగలేక కక్కలేక నీళ్ళు నములుతున్నారు. అప్పుడు ఆ సేల్స్ అమ్మాయి, ఏ పాపమూ ఎరగని గొంతుతో, "పొద్దున్న కూడా సారే కదండీ ఇవన్నీ పట్టుకుని ఏదో మార్చారు, గంటన్నర సేపు" అంది.

బావమరిది చేతిలో ఫోను కిందికి దిగింది. భార్య నెమ్మదిగా ఇటు తిరిగింది. ఫొటోగ్రాఫరుగారు రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నారు.

సరిగ్గా ఆ క్షణంలోనే అత్తగారి వేలు ఎక్కడో తగిలి, ఆ చవక ఫోను టిక్కుమంది.

"ఇదేంటిది, నేను కదలట్లేదేం?" అన్నారావిడ. తిట్టడానికి ముందుకొచ్చిన బావమరిది ఫోను చూసి ఆగిపోయాడు. భార్య వంగి చూసింది. తెర మీద అత్తగారున్నారు. విశాలమైన, నల్లటి, చక్కని కళ్ళతో సూటిగా చూస్తున్నారు. ఆ కళ్ళలో కొంటెతనం ఉందని ఇన్నేళ్ళలో ఏ ఆల్బమూ చెప్పలేదు. వెనకాల అల్లుడుగారు నిలబడి, రెండు కళ్ళూ మూసుకుని ఉన్నారు.

"అమ్మా, నీ కళ్ళు తెరిచి ఉన్నాయి!" అంది కూతురు.

అత్తగారు ఫొటోను దగ్గరగా చూసి నొచ్చుకున్నారు. "అయ్యో, అవును. అల్లుడుగారు మూసుకున్నారు, నేనే మర్చిపోయాను."

"ఏం మర్చిపోయావు?"

"మూసుకోవడం."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆవిడే అల్లుడి వైపు తిరిగి, సంజాయిషీ చెప్పుకున్నట్టుగా అన్నారు. "పెళ్ళయిన మర్నాడు మీరే చెప్పారుగా బాబూ, నన్నే చూడండి, నేనెలా ఉంటే అలా ఉండండి అని. కొత్త అల్లుడు మొదటిసారి నోరు తెరిచి అడిగిన మాట. మీరు కళ్ళు మూసుకున్నారు, నేనూ మూసుకున్నాను. ఎందుకో అని అనుకునేదాన్ని గానీ, చదువుకున్నవాళ్ళ విద్య, మధ్యలో నేనడగడం ఏం బావుంటుందని ఊరుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తప్పానేమో చెప్పండి."

ముందుగా పగలబడి నవ్వింది భార్య. తర్వాత బావమరిది పోగొట్టుకున్న బేరాలన్నీ మర్చిపోయి బల్ల మీద తల ఆనించి నవ్వాడు. ఫొటోగ్రాఫరుగారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తను చెప్పిన మాటను ఇరవై మూడేళ్ళుగా తు.చ. తప్పకుండా పాటించిన మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు. ఆవిడకు కంటి జబ్బేమోనని తను రహస్యంగా డాక్టర్ని కూడా అడిగారు. ఆయన చటుక్కున వంగి అత్తగారి చేతులు పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళలోనే నవ్వూ వచ్చింది.

ఆ సాయంత్రమే మాన్యువల్ ఉన్న ఫోను ఒకటి కొన్నారు. కొనకపోతే బావమరిది కదలనిచ్చేలా లేడు. ఇంటికొచ్చి గదిలో తలుపేసుకుని, కళ్ళు తెరిచి బొత్తాం నొక్కడం సాధన చేశారు. శనివారం దాకా చేసినా ఒక్కసారీ కుదరలేదు. ఆఖరికి అంతకన్నా తేలికైన ఉపాయం తోచింది. ఆదివారం కుటుంబమంతా వరసగా కూర్చున్నాక, ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఫోను పక్కన నిలబడ్డారు. ఇక లోపల ఆయన కళ్ళు ఏం చేసినా ఎవరికీ కనబడదు.

"ఒక్క నిమిషం బాబూ," అని అత్తగారు లేచి లోపలికి వెళ్ళి, మనవరాలి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి కూర్చున్నారు.

ఫొటో అద్భుతంగా వచ్చింది. పెద్దది చేయించి హాల్లో తగిలించారు, చూసినవాళ్ళంతా మెచ్చుకుంటున్నారు. ఆ అద్దాల వెనక ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయని ఇంటిల్లిపాదీ నమ్ముతున్నారు.