రోడ్డు దాటిన మొహమాటం

ఆ పొద్దుటి పని చాలా చిన్నది. లైబ్రరీ గుమాస్తా వీధి చివర కళ్లద్దాల షాపుకి వెళ్లి, భార్య కొత్త కళ్లజోడు తీసుకుని తొమ్మిదిన్నరకల్లా ఇంటికి రావాలి. పదింటికి ఆవిడకి డ్రైవింగ్ పరీక్ష. షాపూ ఇల్లూ రోడ్డుకి ఒకేవైపు. దాటాల్సిన అవసరమే లేదు.

ఆవిడ టైలరు. కుట్టిన యూనిఫాం మూటలు సొంతంగా కారులో వేసుకెళ్లాలని రెండేళ్లుగా పట్టుదల. పరీక్ష ఇప్పటికి రెండుసార్లు పోయింది, రెండుసార్లూ జీబ్రా చారల దగ్గరే. ఎవరైనా దాటుతున్నారా అని తల తిప్పగానే వదులైన పాత కళ్లజోడు ఒళ్లో పడింది. ఈసారి కూడా పోతే మళ్లీ ఆర్నెల్ల దాకా రానివ్వరు.

"దారిలో ఎవరికీ మొహమాటపడకండి," అని మరీ చెప్పి పంపింది. సెలూన్ ముందు నీడకి నిలబడితే, లోపలాయన కుర్చీ దులిపాడని, ముందురోజే చేయించుకున్న క్షవరం మళ్లీ చేయించుకున్న మనిషి మరి.

కళ్లజోడు తీసుకుని వస్తుంటే ఆవిడ ఫోన్ చేసింది. నడుస్తూ మాట్లాడకూడదని ఆయనకో నియమం. ఆగాడు. ఆగినచోట చారలున్నాయి.

వెంటనే ఓ కారు ఆగింది. దాని వెనక సైకిలు, సైకిలు వెనక బస్సు. కారాయన దాటమని చెయ్యి ఊపాడు. ఇంతమంది తన కోసం ఆగితే అక్కర్లేదనడానికి గుమాస్తాకి నోరు రాలేదు. ఫోన్ జేబులో పెట్టి దాటాడు.

ఎలాగో వెనక్కొచ్చి, ఆగినవాళ్లకి కృతజ్ఞతగా తల ఊపుదామని రోడ్డువైపు తిరిగాడు. ఈసారి వ్యాను ఆగింది. మూడో విడతలో ఓ ముసలమ్మ మోచెయ్యి పట్టుకుంది. అయిదో విడతలో ఓ టీచరు నలభైమంది పిల్లల్ని ఆయన వెనకే నడిపించింది. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది.

"మీ డ్యూటీ ఎన్నింటిదాకా సార్?" అని ఓ సైకిలాయన మర్యాదగా అడిగాడు.

డ్యూటీ ఏమిటని అడిగితే ఆయన చిన్నబుచ్చుకుంటాడేమో. "పదిన్నర దాకా," అన్నాడు గుమాస్తా. అనేశాక ఉండక తప్పుతుందా?

పదీ పదికి ఎల్ బోర్డు కారొకటి వచ్చి చారలకి జానెడు ఇవతల ఆగింది. స్టీరింగ్ దగ్గర భార్య. పాత కళ్లజోడుని ఎలాస్టిక్‌తో తలకి బిగించి కట్టుకుంది. పక్కన ఇన్‌స్పెక్టరు. గుమాస్తా రోడ్డు మధ్యలో కళ్లజోడు డబ్బా పైకెత్తి, ఇచ్చేయాలో దాటేయాలో తేల్చుకోలేక రెండడుగులు ముందుకీ మూడడుగులు వెనక్కీ వేశాడు. ఆవిడ కదల్లేదు. ఆయన ఇల్లున్న వైపు చేరేదాకా కారూ కదల్లేదు.

"హారన్ కూడా కొట్టలేదే. ఇంత ఓపిగ్గా ఆగినవాళ్లని నేను చూళ్లేదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పద్దెనిమిదేళ్ల అలవాటు సార్. ఆయన మావారే."

పాసైంది. ఆ కబురు చెప్పడానికి ఆవిడ పదకొండింటికి నడిచొచ్చేసరికి గుమాస్తా ఇంకా చారల దగ్గరే ఉన్నాడు.

"పదిన్నర ఎప్పుడో దాటింది కదండీ?"

"ఎవరికీ చెప్పకుండా ఎలా వచ్చేయను?"

ఆవిడ నవ్వు ఆపుకుని కొత్త కళ్లజోడు పెట్టుకుంది. మొగుడి చెయ్యి పట్టుకుని ఇంటివైపు లాగబోతుంటే ఓ లారీ ఆగింది. డ్రైవరు నవ్వుతూ చెయ్యి ఊపాడు. మనకక్కర్లేదు, చూడకండి అని ఆవిడ గొణిగింది. డ్రైవరు ఇంజను కూడా ఆపేశాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని దాటారు. ఇల్లు మాత్రం అవతలే ఉండిపోయింది.