కింది అంతస్తు దేవుడు

స్వీడన్ దేశపు గోథెన్‌బర్గ్ నగరంలో, వసంతం వచ్చిందని క్యాలెండరు ఒప్పుకున్నా గాలి ఒప్పుకోని ఒక ఏప్రిల్ నెలలో, సిక్స్‌టెన్ హాలెన్ అనే ఆయన ఒక కొత్త జాతిని కనిపెట్టాడని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆ జాతి పేరు ఉర్గాలు. నివాసం మధ్య ఆసియాలో, సముద్రమట్టానికి మూడువేల ఒక వంద మీటర్ల ఎత్తున. జనాభా, ఇప్పటికి తెలిసినంతవరకు, ఒకరు.

సిక్స్‌టెన్ ఉద్యోగం పార్కింగ్ అనుమతుల కార్యాలయంలో గుమాస్తాగిరీ. మిగిలిన సమయమంతా ఆయన ప్రపంచ సంగీతానికి చెవి. 'పొడుగు చెవి' అనే ఆయన వెబ్‌సైటుని నలభై వేలమంది క్రమం తప్పకుండా చదువుతారు. మడగాస్కర్ వెదురు వీణలు, సిమెంటు పైపులతో ఒక బ్రెజిల్ మేస్త్రీ కట్టిన ఆర్గన్, ఒసాకాలో ఎవరో పాత టేబుల్ ఫ్యాన్లతో చేసిన తాళయంత్రం, అన్నీ అక్కడ దొరుకుతాయి. సైటుకి నియమం ఒక్కటే. పదిహేను వందల కిలోమీటర్ల లోపల పుట్టిన సంగీతానికి ప్రవేశం లేదు. దగ్గర్లో పుట్టిన పాటకి ఆత్మ ఉండదని ఆయన పరిశోధనలో తేలింది. పాట వినగానే అది ఎంత ఎత్తున పుట్టిందో మీటర్లలో చెప్పేస్తాడు. అది తప్పని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు, ఎవరూ టేపు పట్టుకుని వెళ్లలేదు కనుక.

జనవరిలో ఆయనకి ఎస్.ఆర్.47 అనే ఖాతా కంటబడింది. సోవియట్ కాలపు పురావస్తుశాఖవారి జాబితా సంఖ్య అయి ఉంటుందని నిర్ణయించాడు. వీడియోలో మనిషి ముఖం కనిపించదు. వెనక ఎరుపూ నలుపూ చారల ఉన్ని దుప్పటి, ముందు ముడతలు పడ్డ రెండు చేతులు, వాటి కింద గిరగిరా తిరిగే ఒక పెద్ద ఇనుప చక్రం. చక్రానికి పైన్ బంక పూసి ఉంది. అది నాలుగు తీగల్ని ఒరుసుకుంటూ పోతుంటే ఏనుగు గుండెలోంచి వచ్చినట్టు ఒక శ్రుతి పుడుతుంది. దానిమీద ఒక ఆడగొంతు ఆకాశానికి ఎగబాకి ఎవరినో పిలుస్తుంది. ఒక చిన్న పెట్టె ఆ పిలుపుని పట్టుకుని, మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ఒక్కో కొండ మీదనుంచి తిరిగి పంపుతుంది. సిక్స్‌టెన్ విని ఏడ్చాడు. ఇందులో వ్యంగ్యం లేదు. ఆయన బుర్ర సంగతి ఎలా ఉన్నా చెవులు మాత్రం అసలైనవి.

ఆయనకి తెలియనిది పాఠకులకి ఇప్పుడే చెప్పేయడం మర్యాద. ఆ చేతులు సిగ్నె రస్క్ అనే డెబ్బై ఏడేళ్ల ఆవిడవి. ఎస్.ఆర్. ఆవిడ పేరు, 47 ఆవిడ పుట్టిన ఏడు. ముప్పై నాలుగేళ్లు వాషింగ్ మెషీన్లు బాగుచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆ చక్రం పాత వాషింగ్ మెషీన్ డ్రమ్ము, దాన్ని తిప్పేది అదే మెషీన్ మోటారు. ఆ పిలుపు చిన్నప్పుడు స్వీడన్‌లోనే ఉన్న హార్యెదాలెన్ కొండల్లో మేతకెళ్లిన ఆవుల్ని సాయంత్రం ఇంటికి పిలవడానికి వాళ్ల అమ్మమ్మ నేర్పింది. ఆవిడ నివాసం సిక్స్‌టెన్ ఉండే మేడలోనే, మూడో అంతస్తులో. సిక్స్‌టెన్‌ది రెండో అంతస్తు. సరిగ్గా ఆ ఇంటి కిందే.

నాలుగేళ్లుగా నెత్తిమీద ఉన్న మనిషిని ఎరగడా అని అడిగేవాళ్లు గోథెన్‌బర్గ్‌లో కాపురం చేసి ఉండరు. అక్కడ గౌరవప్రదమైన మనిషి గడప దాటే ముందు తలుపుకున్న కంతలోంచి చూస్తాడు. మెట్లమీద ఎవరైనా ఉంటే వాళ్లు వెళ్లేదాకా చెప్పులతో సహా లోపలే నిలబడతాడు. ఎదురుపడితే నమస్కారం పెట్టాల్సి రావచ్చు, ఆ తర్వాత ఎండ గురించి మాట్లాడాల్సి రావచ్చు, దానికి అంతెక్కడ. ఇరుగుపొరుగు సంబంధాలన్నీ నేలమాళిగలోని ఉమ్మడి బట్టలుతుకు గదిలో, గోడకి అంటించే కాగితాల ద్వారా నడుస్తాయి. 'మూడో అంతస్తువారికి మనవి. నిన్న నేను పెందరాళే ఇంటికి రాగా యంత్రం వంటిదీ ఆవు వంటిదీ రెండు శబ్దాలు వినవచ్చినవి. కనీసం ఒకటి ఆపగలరు. ఇట్లు, కింది ఇల్లు' అని సిక్స్‌టెన్ అంటిస్తాడు. మర్నాటికి దానికింద 'ఆవు లేదు. ఇట్లు, పై ఇల్లు' అని ఉంటుంది. ఇలాంటివి నాలుగేళ్లలో పదిహేడు కాగితాలు.

అదే సమయంలో ఇంటర్నెట్‌లో సిక్స్‌టెన్ ఆవిడకి వారానికి రెండు ఉత్తరాలు రాసేవాడు, ఇంగ్లీషులో. 'కొండతల్లీ' అని మొదలుపెట్టి, పేరు రాయకుండా 'మీ పొడుగు చెవి' అని ముగించేవాడు. ఆవిడ అనువాద యంత్రంతో చదువుకుని, దానితోనే రెండు ముక్కలు జవాబిచ్చేది. మంగళవారం మధ్యాహ్నాలే ఎందుకు వాయిస్తారని అడిగాడు. 'కిందాయన ఆ వేళకి ఉండడు. ఆయనకి పాటంటే పడదు. విన్నాడంటే కాగితాలు పంపుతాడు' అని ఆవిడ ఉన్న సంగతి రాసింది. ఆ జవాబుమీద సిక్స్‌టెన్, ఆవిడకి చెప్పకుండా, నలభై పేజీల వ్యాసం రాశాడు. ఉర్గాల విశ్వాసం ప్రకారం భూమికింద సంగీతద్వేషి అయిన ఒక దేవుడున్నాడనీ, వారానికొకసారి ఆయన పనిమీద బయటికెళ్లినప్పుడే పాట అనుమతించబడుతుందనీ, ఆయన కోపం లిఖితపూర్వకంగా వెలువడుతుందనీ అందులో ప్రతిపాదించాడు. ఇంత చిన్నబుద్ధి దేవుడు ప్రపంచ పురాణాల్లో మరెక్కడా లేడని కూడా రాశాడు. వ్యాసం పదకొండు భాషల్లోకి వెళ్లింది. శనివారం నాడు ఉర్గాల మీద గంటసేపు మాట్లాడమని ఒక రేడియోవారు పిలిచారు.

ఆ శనివారానికి ముందు గురువారం మేడ సంఘం వార్షిక సమావేశం. సిగ్నెది అద్దె ఇల్లు. సొంతదారు మాల్మో అనే వేరే ఊళ్లో ఉంటాడు. అద్దెకివ్వడానికి ఏటా సంఘం ఒప్పుకోవాలి. ఈసారి శబ్దం తాలూకు ఫిర్యాదు ఉంది కనుక చేతులెత్తి తేల్చాలి. వద్దని తేలితే మే నెలాఖరుకి ఆవిడ ఖాళీ చేయాలి. డెబ్బై ఏడేళ్ల మనిషినీ ఆవిడ వెంట వచ్చే ఇనుప డ్రమ్మునీ కలిపి రానిచ్చే ఇల్లు ఆ ఊళ్లో రెండోది లేదు. ఫిర్యాదుదారు సంఘం కార్యదర్శి. కార్యదర్శి పేరు సిక్స్‌టెన్ హాలెన్.

మంగళవారం ఎస్.ఆర్.47 మొట్టమొదటి ప్రత్యక్ష ప్రసారం. సిక్స్‌టెన్ సెలవు పెట్టి, కిటికీలు మూసి, ఉన్నవాటిలో మంచి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. ప్రపంచవ్యాప్తంగా నాలుగు వందల మంది చేరారు. పాట మొదలైంది. అంతలో పైకప్పు గుర్రుమంటోందని తెలిసింది. అంతరించిపోతున్న ఒక జాతి చివరి గొంతు వింటుంటే ఆ పైఇంటి మనిషికి ఇవాళే దొరికిందా అని సిక్స్‌టెన్‌కి ఒళ్లు మండిపోయింది. చీపురుకర్ర తీసుకుని కప్పుని మూడుసార్లు గట్టిగా పొడిచాడు.

ఆరు సెకన్ల తర్వాత హెడ్‌ఫోన్స్‌లో, మధ్య ఆసియాలో, మూడువేల ఒక వంద మీటర్ల ఎత్తున, మూడుసార్లు ధన్ ధన్ ధన్ అని వినిపించింది.

ఆయన హెడ్‌ఫోన్స్ ఒకసారి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత శాస్త్రీయ దృక్పథంతో మెల్లగా రెండుసార్లు పొడిచాడు. ఆరు సెకన్లకి రెండు వినిపించాయి. చక్రం ఆగింది. ఆ గొంతు మొదటిసారి మాటలు పలికింది, శుభ్రమైన స్వీడిష్‌లో.

"ఉండండర్రా, కిందాయన ఇంట్లోనే ఏడ్చాడు ఇవాళ. ఇక చాలిద్దాం."

ఆ క్షణంలో తెర కింద అభినందనలు వెల్లువెత్తాయి. పాతాళం నుంచి వచ్చిన ఆ తాళం మహాద్భుతమని లిస్బన్ నుంచి ఒకరు రాశారు. చివర వినిపించిన భాషకి భూమ్మీద ఏ భాషతోనూ చుట్టరికం లేదని లియాన్ నుంచి ఒక ఆచార్యుడు తేల్చాడు. విన్నవాళ్లలో ముప్పై ఇద్దరు స్వీడన్‌వాళ్లు. వాళ్లెవరూ నోరు మెదపలేదు. తెలియనివాళ్లతో ముందుగా తాము మాట కలపడం వాళ్లకి అలవాటు లేదు.

సిక్స్‌టెన్ జీవితంలో మొదటిసారి రెండో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి మెట్లెక్కాడు. పద్దెనిమిది మెట్లు. తలుపు వెనక ఆవిడ తీగలు విప్పుతున్న చప్పుడు. ఆ తలుపు తీస్తే ఆ చేతులుంటాయి.  వేలు గంటదాకా వెళ్లింది. కానీ ముందుగా చెప్పకుండా గంట కొట్టడం ఎలాగ? కొట్టాక ఏమని పరిచయం చేసుకోవాలి, పాతాళ దేవుణ్నని చెప్పాలా? ఇదే తేలక నిలబడి ఉండగా కింద ఎవరిదో తలుపు చప్పుడైంది. ఆయన గబగబా దిగివచ్చి తన తలుపు మూసుకున్నాడు.

గురువారం సాయంత్రం ఆరింటికి సమావేశం. దాల్చినచెక్క రొట్టెలూ కాఫీ ఏర్పాటయ్యాయి. సిగ్నెది కాక మిగిలిన పద్దెనిమిది ఇళ్లకీ పద్దెనిమిది మంది వచ్చి, మధ్యలో ఒక్కో కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు. అధ్యక్షుడు బిర్గెర్ తులీన్, పూర్వాశ్రమంలో పళ్ల డాక్టరు, లేచి గొంతు సవరించుకున్నాడు.

"మన సంఘం సంగీతానికి వ్యతిరేకం కాదని మొదటే మనవి చేస్తున్నాను. మన కార్యదర్శి సిక్స్‌టెన్ గారు కనిపెట్టిన ఉర్గాల సంగీతాన్ని నేనూ, మా ఆవిడా రోజూ భోజనం వేళ వింటాం. ఎక్కడో కొండల్లో ఒక నిరుపేద తల్లి తన సంస్కృతిని కాపాడుకుంటోంది. దానికీ, మన మేడలో జరుగుతున్న గోలకీ తేడా గమనించవలసిందిగా సభ్యుల్ని కోరుతున్నాను."

సభ్యులు తేడా గమనించి చప్పట్లు కొట్టారు. సిక్స్‌టెన్ ఆ చప్పట్లని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత సిగ్నెని మాట్లాడమన్నారు. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. నీలం రంగు స్వెట్టరు. ఆ చేతుల్ని సిక్స్‌టెన్ తలెత్తకుండానే గుర్తుపట్టాడు.

"నేను పెద్దగా మాట్లాడేదేం లేదు," అంది ఆవిడ. "యంత్రం నేనే చేశాను. మంగళవారం మూడు గంటలసేపు, కిందాయన లేని వేళ చూసుకుని వాయిస్తున్నా. అంతకంటే ఎలా తగ్గాలో నాకు తెలీదు. ఆయన ఎవరో కాస్త చెయ్యెత్తండి, ముఖాముఖీ మాట్లాడుకుందాం. నాలుగేళ్లయింది, ఆయన రాత తప్ప ముఖం చూడలేదు."

పద్దెనిమిది మందీ కాఫీ కప్పుల్లోకి చూశారు. 'ఎవరూ చెయ్యెత్తలేదు' అని సిక్స్‌టెన్ గుండ్రని అక్షరాలతో రాశాడు.

"పోనీలెండి," అంది సిగ్నె. "నా పాట అర్థం చేసుకున్న మనిషి ఒక్కడున్నాడు. ఇంటర్నెట్‌లో పరిచయం. తమ్ముడి లెక్క. నన్ను కొండతల్లీ అంటాడు, పిచ్చి సన్నాసి. వాడే గనక ఈ ఊళ్లో ఉంటే ఇక్కడికొచ్చి మీ అందరికీ గడ్డి పెట్టేవాడు."

అప్పుడు లేవాలని సిక్స్‌టెన్‌కి అనిపించింది. నిజంగా అనిపించింది. కుర్చీలోంచి రెండంగుళాలు లేచాడు కూడా. కానీ లేచి నోరు విప్పితే ఉర్గాలు ఉండరు. శనివారం రేడియో ఉండదు. మూడువేల ఒక వంద మీటర్లు కాస్తా మూడు మీటర్లయిపోతుంది. పైగా అందరూ కూర్చుని ఉండగా ఒకడే లేవడం ఆ దేశంలో మంచి పని అనిపించుకోదు. బిర్గెర్ ఆయన కదలికని చూసి రొట్టె కోసమనుకుని పళ్లెం ఇటు జరిపాడు. సిక్స్‌టెన్ రొట్టె తీసుకున్నాడు.

చేతులెత్తారు. ఉండనిద్దామని ఎనిమిది, వద్దని తొమ్మిది. మిగిలింది కార్యదర్శి చెయ్యి. అది లేస్తే సరిసమానమై, ఆచారం ప్రకారం నిర్ణయం వచ్చే ఏటికి వాయిదా పడేది. ఆ చేతిలో కలం ఉంది, మినిట్స్ రాస్తోంది. 'కార్యదర్శి తటస్థులు' అని రాసి, దానికింద అందంగా గీత గీసింది. సిగ్నె లేచి, కుర్చీ వెనక్కి నెట్టి, తన కాఫీ కప్పు తనే కడుక్కుని వెళ్లిపోయింది.

శనివారం రేడియో కార్యక్రమం దిగ్విజయంగా జరిగింది. మే నెలాఖరున మూడో అంతస్తు ఖాళీ అయింది. జూన్ మొదటి వారంలో 'పొడుగు చెవి'కి ఒక ఉత్తరం వచ్చింది. 'తమ్ముడూ, ఇల్లు పోయింది. చక్రాన్ని పాతసామాన్లవాళ్లు తీసుకెళ్లారు. ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఓ మూలగది నాది. పాటలేదు. నువ్వు నాకు దగ్గర్లో ఉండి ఉంటే బావుండేది.'

అది చదివి సిక్స్‌టెన్ రెండోసారి ఏడ్చాడు. ఈ ఏడుపు కూడా అసలైనదే. కన్నీళ్లు తుడుచుకుని 'ఉర్గాల గొంతు నొక్కినదెవరు?' అని వ్యాసం రాశాడు. ఒక తల్లిని ఆమె నేల నుంచి వెళ్లగొట్టిన క్రూరుల్ని, చూస్తూ మౌనంగా ఊరుకున్న ఇరుగుపొరుగుని చరిత్ర క్షమించదన్నాడు. వ్యాసం చివర, ఆమెకి నిలువనీడా వాయిద్యమూ తిరిగి ఇప్పించాలని మధ్య ఆసియా ప్రభుత్వాలన్నిటినీ డిమాండ్ చేస్తూ ఒక వినతిపత్రం పెట్టాడు. మొదటి సంతకం బిర్గెర్ తులీన్‌ది. వారం తిరక్కుండా ఆ మేడలో ఉన్న ఇళ్లన్నీ సంతకాలు చేశాయి. ఉండనిద్దామన్నవాళ్లూ చేశారు, వద్దన్నవాళ్లూ చేశారు. మెట్లమీద జనం ఒకరినొకరు ఆపి మరీ ఆ ఉర్గాల తల్లి కష్టం గురించి మాట్లాడుకున్నారు. ఆ మేడ కట్టిన అరవై ఏళ్లలో అలా జరగడం అదే మొదలు.

ఇప్పటికి ఇరవై ఒక్క వేల సంతకాలయ్యాయి. గడువు ఇంకా ఉంది కనుక పాఠకులు కూడా తమ పేరు చేర్చవచ్చు. ఒక్క నిమిషం పని. మీ పక్కింటివాళ్ల మీద సగం రాసిన ఫిర్యాదు ఏదైనా బల్లమీద ఉంటే కంగారు లేదు, ముందు దాన్ని పూర్తిచేసి రండి.