వరదల పుస్తకం విదేశం వెళ్ళింది

మీకు కావలసిన పుస్తకం మీ గ్రంథాలయంలో అడిగిన వెంటనే దొరుకుతోందా? అయితే మిమ్మల్ని చూస్తే నాకు జాలేస్తోంది. మీ గ్రంథాలయం ఇంకా ఎదగలేదన్నమాట!

ఎదిగిన గ్రంథాలయంలో పుస్తకం ఊరికే దొరకదు. అది వేరే దేశంలో ఉంటుంది. ఆ దేశం పుస్తకం మన దగ్గర ఉంటుంది. ఒకరి పుస్తకాలు ఒకరు భద్రంగా దాచుకుని, క్షేమసమాచారాలు కనుక్కుంటూ ఉత్తరాలు రాసుకుంటాం. దీన్నే అంతర్జాతీయ భాగస్వామ్యం అంటారు. ఇంత గొప్ప ఏర్పాటును పట్టుకుని సణిగేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి, దాని తరఫున నాలుగు మంచి మాటలు చెప్పే బాధ్యత నా నెత్తిన పడింది.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. నేను మా యూనివర్సిటీ గ్రంథాలయ మిత్రమండలిలో సభ్యుణ్ణి. పుస్తకాలు చదవడం మా పని కాదు. సభల్లో రెండో వరసలో కూర్చోవడం, చప్పట్లు కొట్టాల్సిన చోట కొట్టడం, ఆఖర్న టీ తాగి కప్పు ట్రేలో పెట్టడం మా పని. ఇంతవరకూ ఏ ఒప్పందానికీ నా చప్పట్ల లోటు రాలేదు.

ఒప్పందం మీద సంతకాలు పెట్టడం మీరెప్పుడైనా కళ్ళారా చూశారా? బల్ల మీద రెండు బుల్లి జెండాలు, రెండు పెన్నులు, తోలు అట్టల ఫైళ్ళు రెండు. మా డైరెక్టరుగారు సంతకం పెడతారు. అవతలాయన పెడతాడు. ఫైళ్ళు మార్చుకుంటారు. తర్వాత కూర్చుని మళ్ళీ మొదట్నించీ పెడతారు, ఎందుకంటే మొదటిసారి ఫొటోగ్రాఫరు సిద్ధంగా లేడు! ఫొటో బాగా వచ్చిందని అతను తల ఊపేదాకా ఒకరి చెయ్యి ఒకరు వదలరు. అన్నదమ్ములు కూడా అంతసేపు చేతులు పట్టుకుని నిలబడరండీ.

డైరెక్టరుగారి గది పైఅంతస్తులో ఉంది. ఆ గది బయట గోడ నిండా గడియారాలే. ఒక్కో భాగస్వామి ఊరికి ఒక్కో గడియారం. అన్నీ నిక్కచ్చిగా నడుస్తాయి. మన ఊరి గడియారం కింద రీడింగ్ హాల్లో ఉంది, అది ఆగిపోయి చాలా కాలమైంది. బాగు చేయించమని ఎవరో అడిగితే, మన టైం మనకెలాగూ తెలుసు కదా అన్నారట డైరెక్టరుగారు. కాదనగలమా?

ఇక ఉద్యోగుల ఎక్స్‌ఛేంజ్ సంగతి చెప్తాను. అందులో ఒక భాగస్వామి గ్రంథాలయం నుంచి లైబ్రేరియను ఒకావిడ మన దగ్గరికి వచ్చింది. ఆవిడకు స్వాగతం చెప్పడానికి రీడింగ్ హాలు ఖాళీ చేయించి, బల్లలు తుడిపించి, కుర్చీలు వరసగా సర్దించారు. ఆవిడ లోపలికి వచ్చి నాలుగు వైపులా చూసి, చాలా బాగుంది, చదివేవాళ్ళేరీ అని అడిగింది. చదివేవాళ్ళు వరండాలో నిలబడి కిటికీ అద్దాల్లోంచి ఆవిడనే చూస్తున్నారు!

దానికి బదులుగా మన అసిస్టెంటు లైబ్రేరియను అక్కడికి వెళ్ళొచ్చాడు. మనం గ్రంథాలయం ముద్రను ముందు అట్ట లోపల కొడుతున్నాం, వాళ్ళు వెనక అట్ట లోపల కొడతారట. ఈ రహస్యం తెలిసిన దగ్గర్నించీ మన సిబ్బంది అంతా పాత పుస్తకాలు తీసి వెనక అట్టల మీద ముద్రలు కొడుతున్నారు. పుస్తకం కావాలని కౌంటరు దగ్గరికి ఎవరైనా వెళితే, కనపడట్లేదా, పనిలో ఉన్నాం అంటున్నారు. నిజంగానే పనిలో ఉన్నారు.

పుస్తకాలూ వచ్చాయి, పెట్టెలు పెట్టెలుగా. మంచు రోడ్ల మీద బస్సు నడపడం ఎలా అని ఒకటి. ఒక దంతవైద్య కళాశాల వార్షిక నివేదికలు కట్టలుగా. ఏదో పట్నం టెలిఫోన్ డైరెక్టరీ. మిగతావి ఏమిటో తెలియదు, ఏ భాషో తెలిస్తే కదా! ఏది పైన ఏది కింద అని కూడా అనుమానం వచ్చి, సగం పుస్తకాలు ఇటు, సగం అటు తిప్పి పెట్టారు. ఎలా చూసినా సగమైనా సరిగ్గా ఉన్నట్టే కదా. ఇంత ముందుచూపు ఇంకెక్కడైనా ఉందా?

మరి మనం వాళ్ళకేం పంపాం అని అడుగుతారు మీరు. అడక్కుండా ఉంటే ఎంత బాగుండేది! సరే, ఇక్కడ మా వదిన గురించి చెప్పక తప్పదు.

మా అన్నయ్య భార్య బడిలో భూగోళం చెప్తుంది. సాయంత్రం బడి వదలగానే నేరుగా గ్రంథాలయానికి వెళ్ళి, రీడింగ్ హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తలుపులు వేసేదాకా చదువుకునేది. మా నదికి వచ్చిన వరదల మీద పరిశోధన చేస్తోంది. యూనివర్సిటీవాళ్ళు ఒకసారి గడువు పెంచారు, ఇంకోసారి పెంచరు. ఈసారికి పూర్తి చేయకపోతే ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే.

ఆమెకున్న ఆధారమల్లా ఒకే ఒక్క పుస్తకం. వెనకటికి ఒక ఇంజనీరు నది వెంట ఊరూరా తిరిగి, ప్రతి వరదకూ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ వీధిలో ఏ గుమ్మం మునిగిందో రాసిపెట్టాడు. ఆ పుస్తకం ఇంకెక్కడా లేదు. అందుకని దాన్ని ఇంటికివ్వరు, ఫొటోలు తీయనివ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. వదిన బతిమాలి చూసింది, కుదరదన్నారు. సరేనని ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుని ఒక్కో వరదా రాసుకుంది, ఆఖర్న ఉన్న పెద్ద వరద ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు ఒప్పందంలోని గొప్పతనం చూడండి. పాఠకులు వాడని పుస్తకాలను రెండు గ్రంథాలయాలూ మార్చుకోవాలి. వాడనివేవో ఎలా తెలుస్తుంది? మనుషుల్ని అడిగితే అబద్ధాలు చెప్తారని కంప్యూటరును అడిగారు. చాలా ఏళ్ళుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్ళని పుస్తకాలేవి అని అడిగారు. కంప్యూటరు పాపం నిజమే చెప్పింది. ఇంటికి ఇవ్వకూడని పుస్తకాలను ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు!

అలా రిఫరెన్సు విభాగం అంతా పెట్టెలకెక్కింది. లారీకి జెండా ఊపిన రోజు మిత్రమండలి మొత్తం గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం వదిన వెళ్ళి తన పుస్తకం కోసం చెయ్యి చాస్తే, మంచు రోడ్ల మీద బస్సు నడిపే పుస్తకం చేతికొచ్చింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్ళింది. మిత్రమండలి సభ్యుడు పక్కనుంటే మాట చెల్లుతుందని ఆమె ఆశ. డైరెక్టరుగారు చాలా మంచిమనిషి, ఇద్దరికీ కుర్చీలు వేయించి టీ తెప్పించారు.

"నేను రోజూ చదువుతున్న పుస్తకమండీ అది," అంది వదిన.

"మీరు చదివినట్టు రికార్డు ఎక్కడా లేదమ్మా."

"ఇంటికివ్వమంటే మీరే కదండీ ఇవ్వనన్నారు?"

"ఎలా ఇస్తామమ్మా? అది చాలా ముఖ్యమైన పుస్తకం."

వదిన నా వైపు చూసింది. నేను టీ కప్పు వైపు చూశాను. టీ చాలా బాగుంది.

అయినా భాగస్వామ్యంలో దారులు మూసుకుపోతాయా? పుస్తకాన్ని అప్పుగా పంపమని డైరెక్టరుగారు వెంటనే అవతలివాళ్ళకు రాయించారు. జవాబు కూడా ఎంతో మర్యాదగా వచ్చింది. మీ పుస్తకాన్ని మేము రిఫరెన్సు విభాగంలో పెట్టుకున్నాం, అవి బయటికివ్వడం మా నిబంధనలకు విరుద్ధం, మీ పరిశోధకురాలు ఎప్పుడైనా వచ్చి మా హాల్లో కూర్చుని చదువుకోవచ్చు అని రాశారు. చూశారా, ఎంత పెద్ద మనసో! ఇంటి నుంచి నడిచి వెళ్ళి చదువుకునే పుస్తకాన్ని ఇప్పుడు విమానమెక్కి వెళ్ళి చదువుకోవచ్చు.

పరిశోధకుల ఎక్స్‌ఛేంజ్ కింద ఒకరిని పంపిద్దామని డైరెక్టరుగారు ఉత్సాహపడ్డారు. వదిన పాస్‌పోర్టు ఫొటోలు కూడా దిగింది. చాలా ఏళ్ళ తర్వాత ఆమె నవ్విన ఫొటో అదేనని మా అన్నయ్య అన్నాడు. కమిటీ కూర్చుని తర్జనభర్జన పడి, మొదటిసారి కాబట్టి గ్రంథాలయాల మీద అనుభవం ఉన్నవాళ్ళు వెళితే మంచిదని తేల్చింది. అంత అనుభవం ఇంకెవరికుంది? భార్యాపిల్లల్ని వదిలిపెట్టి డైరెక్టరుగారే వెళ్ళాల్సి వచ్చింది. త్యాగమంటే ఇది కాదా!

వదిన ఒకే ఒక్క సాయం అడిగింది. ఆ పుస్తకంలో పెద్ద వరద గురించిన అధ్యాయాన్ని ఫోనుతో ఫొటోలు తీసి పంపమంది. డైరెక్టరుగారు గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చారు. మాట తప్పలేదు కూడా. ఫొటో పంపారు. అందులో ఆయనా, అవతలి డైరెక్టరూ నవ్వుతూ, మధ్యలో ఆ పుస్తకాన్ని చెరో చివర పట్టుకుని నిలబడ్డారు.

వదిన ఫోను తెర మీద ఇద్దరి మొహాలూ పక్కకు నెట్టి, పుస్తకాన్ని పెద్దది చేసి చాలాసేపు చూసింది. ఆయన తిరిగొచ్చాక, "కనీసం తెరిచి పట్టుకోవాల్సిందండీ," అంది.

"తెరిస్తే అట్ట మీద పేరు కనపడదు కదమ్మా," అన్నారాయన.

గడువు ముంచుకొచ్చింది. ఆధారం చూపించలేని అధ్యాయం తీసెయ్యమన్నాడు గైడు. వదిన తీసేసింది. వరదల మీద పరిశోధనలో పెద్ద వరద లేకుండానే పని పూర్తయింది, డిగ్రీ కూడా వచ్చింది. గ్రంథాలయం వార్షిక నివేదికలో మా వదిన ఫొటో వేసి, అంతర్జాతీయ భాగస్వామ్యానికి తొలి ఫలం అని కింద రాశారు!

ఆ రోజు ఇంట్లో అందరం ఆమెను అభినందించాం. డిగ్రీ వచ్చింది కదా, ఒక్క అధ్యాయం పోతే పోయిందిలే అన్నాడు అన్నయ్య.

"మా అమ్మమ్మవాళ్ళ వీధి ఆ వరదలోనే పోయింది. ఎవరిల్లు ఎక్కడుండేదో ఆ పుస్తకంలోనే ఉంది. ఇంకెక్కడా లేదు," అంది వదిన.

అంత పట్టుదల దేనికో నాకు అప్పటిదాకా తెలియదు. బాధ కలిగింది. మిత్రమండలి సభ్యులకు కూడా అప్పుడప్పుడూ బాధ కలుగుతుందని దయచేసి నమ్మండి.

ఈమధ్యనే ఇంకో శుభవార్త వచ్చింది. మీరు పంపిన పుస్తకాలను మా పాఠకులెవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు కాబట్టి, వాటిని మా మరో భాగస్వామికి పంపించేశాం అని అవతలివాళ్ళు రాశారు. డైరెక్టరుగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. మన పుస్తకాలు మరో దేశానికి వెళుతున్నాయంటే మాటలా! వెంటనే సభ పెట్టారు. వదినను వేదిక మీద కూర్చోబెట్టి రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఆమె లేచి ఒకే మాట అడిగింది. "అక్కడైనా దాన్ని ఎవరైనా చదువుతారాండీ?"

డైరెక్టరుగారు తోలు అట్ట ఫైలు తెరిచి, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిప్పి చూశారు. ఆ అంశం ఒప్పందంలో ఎక్కడా లేదమ్మా అన్నారు, నిజంగా నొచ్చుకుంటూ. అక్కడ చప్పట్లు కొట్టాలో వద్దో జీవితంలో మొదటిసారి నాకు తెలియలేదు.

అయినా నా అభిప్రాయం మార్చుకోను. భాగస్వామ్యాలు వరాలే! ఇంకా చాలా జరగాలి. అందుకే మిత్రమండలి తరఫున ఒక కొత్త ఒప్పందం ప్రతిపాదిస్తున్నాను. మా గ్రంథాలయం ఇంతవరకూ చెయ్యి కలపని వర్గం ఒకటి మిగిలిపోయింది. వాళ్ళను పాఠకులు అంటారు. షరతులు సులువే. గ్రంథాలయం పుస్తకం బల్ల మీద పెట్టాలి, వాళ్ళు చదువుకుని మళ్ళీ బల్ల మీద పెడతారు. వాళ్ళ తరఫున సంతకం పెట్టడానికి మా వదిన సిద్ధంగా ఉంది, పెన్ను కూడా తనే తెచ్చుకుంటుంది. ఇన్ని దేశాలు తిరిగిన డైరెక్టరుగారికి ఈ ప్రయాణం ఒక లెక్కా? వీసా అక్కర్లేదు, విమానం అక్కర్లేదు. ఆయన గదిలోంచి లేచి మెట్లు దిగి కిందికొస్తే చాలు.