కూజా అడుగున ముద్ర

ఆ ఆదివారం పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మ్యూజియం నుంచి పింగాణీ నిపుణురాలు వస్తుంది, తాతగారి చైనా కూజాను చూస్తుంది, మూడు వందల ఏళ్ల నాటిదని తేలుస్తుంది. ఇక ఆయన ట్యూషన్లు మానేయొచ్చు.

"కూజా మీద కాస్త దుమ్ము దులుపు," అని భార్యకు చెప్పి స్నానానికి వెళ్లారు. వచ్చేసరికి కూజా తళతళలాడుతోంది.

"అడుగున ఏదో నీలం మరక ఉంటే పీచు పెట్టి రుద్దేశానండీ. ఒక పట్టాన వదల్లేదు!" అందావిడ గర్వంగా.

మాస్టారు గబగబా కూజాను తిరగేసి చూశారు. "మరకేమిటే! అది చక్రవర్తి ముద్ర! దాన్ని బట్టే వయసు చెప్పేది!"

"చక్రవర్తయితే మాత్రం, కనపడకుండా అడుగున రాసుకుంటాడా?"

ఈ గొడవకి బావమరిది నిద్ర లేచాడు. సైన్‌బోర్డులు రాసేవాడు. పని లేక అక్క ఇంట్లో ఉంటున్నాడు. "కంగారు పడకండి బావగారూ. మీ ఫోన్‌లో ముద్ర ఫోటో ఉందిగా? ఐదు నిమిషాల్లో దింపేస్తా."

దింపాడు. అచ్చుగుద్దినట్టే ఉంది గానీ తడి ఆరలేదు. మాస్టారు అట్టముక్కతో విసరబోతే మోచెయ్యి తగిలి కూజా అంచు పెచ్చు ఊడింది. బావమరిది దాన్ని అంటించి, అతుకు కనపడకుండా ఓ తీగ గీశాడు. ఒకవైపే ఉంటే బాగోదని రెండోవైపూ గీశాడు. ఆ ఊపులో తీగ మీద ఓ పిట్ట కూడా వాలింది.

"పిట్టెందుకురా!"

"అక్కడ ఖాళీగా ఉంది బావగారూ!"

అంతలో గంట మోగింది. నిపుణురాలు కళ్లద్దాలు సర్దుకుని కూజాను తిరగేసింది. అడుగున వేలితో రుద్ది చూసింది. వేలు నీలంగా మారింది. ఆమె ఆ వేలినీ మాస్టారినీ మార్చి మార్చి చూసింది. ఆయన ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా కక్కేశారు.

"అసలు ముద్ర మెరుపు పూత కింద ఉంటుంది మాస్టారూ. ఎంత రుద్దినా పోదు. పీచుకే పోయిందంటే ఎవరో తర్వాత రాసిందే. కూజా కూడా నకలే, మీరనుకున్నంత పాతది కాదు," అందామె.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఆమె మాత్రం కూజాను కింద పెట్టలేదు.

"ఈ పిట్టను ఎవరు గీశారు?"

మొగుడూ పెళ్లాల వేళ్లు ఒకేసారి బావమరిది వైపు లేచాయి. అతను అప్పటికే పెరటి తలుపు దాకా వెళ్లాడు. "తప్పయిపోయిందండీ, తుడిచేస్తాను!"

"ముట్టుకోకండి! మా దగ్గర నలభై పాత కూజాలు రంగులు పోయి పడున్నాయి. దిద్దే చెయ్యి కోసం ఏడాదిగా వెతుకుతున్నాం. రేపటి నుంచి రాగలరా?"

ఆ ఇంట్లో ఆ పూట అసలు సరుకని తేలింది బావమరిది ఒక్కడే.