అంతర్జాతీయ అభిమాని, బన్సీలాల్‌పేట్

"ఈ వీడియో మీ ప్రాంతంలో అందుబాటులో లేదు." ఈ కాలంలో మనిషికి దక్కిన వరాల్లో ఈ వాక్యాన్ని మించినది లేదు. నవ్వకండి, నిరూపిస్తాను!

నాకు పాస్‌పోర్ట్ లేదు. విమానం మెట్టు ఎక్కి ఎరగను. అలాంటి నన్ను, సికింద్రాబాద్‌లో నా పడక్కుర్చీలోంచి లేవకుండానే, ఒక స్ట్రీమింగ్ కంపెనీ 'అంతర్జాతీయ అభిమాని'ని చేసేసింది! వీసా కోసం క్యూలో నిలబడేవాళ్లు ఈర్ష్యపడరా?

సంగతేమిటంటే, అంతరిక్ష నౌకల సీరియల్ ఒకటుంది. ఏడు సీజన్లూ నేనూ మా ఆవిడ కల్పలతా పక్కపక్క కుర్చీల్లో కూర్చుని చూశాం. ఆఖరి ఎపిసోడ్‌లో నౌక పేలిపోబోతుంటే అందరూ పారిపోతారు. ముసలి వంటావిడ మాత్రం స్టవ్ ఆపానో లేదో చూసి వస్తానని వెనక్కి వెళుతుంది. తలుపు మూసుకుంటుంది. ఢాం!

పాపం పోయింది, అన్నాను.

"పోవడం మీరు చూశారా? స్టవ్ గుర్తుపెట్టుకున్న మనిషికి తలుపు గుర్తుండదా?" అంది కల్పలత.

ఆ వాదన తేలనే లేదు. రెండేళ్ల కిందట కల్పలతే పోయింది.

మొన్న పేపర్లో చదివాను, వంటావిడ ఏమైందో చూపించే పదమూడు నిమిషాల బోనస్ ఒకటుందట. ఆత్రంగా నొక్కితే పైన చెప్పిన వరం ప్రత్యక్షమైంది. నలభై కాంతి సంవత్సరాలు రెప్పపాటులో దాటే నౌక, బన్సీలాల్‌పేట్ పొలిమేర దగ్గర మర్యాదగా ఆగిపోయింది! ఎంత క్రమశిక్షణ!

కస్టమర్ కేర్‌కు రాశాను. "ప్రియమైన అంతర్జాతీయ అభిమానీ, వేరే ప్రాంతం నుంచి ప్రయత్నించండి" అని జవాబు. కింది వాటాలో గడియారాలు బాగుచేసే కలీముల్లాకు చూపించి, మా ఆలుమగల వాదన సంగతీ చెప్పాను.

"గింత దానికి పరేషాన్ ఎందుకు సార్? మనది మున్సిపాల్టీ. కంటోన్మెంట్ల బోర్డు వేరే, రూల్స్ వేరే. అది సుత వేరే రీజియనే గద! నడువుండ్రి, మా మిస్బా యాప్రాల్‌ల ఉంటది, పోతా పోతా చూస్తం."

రోడ్డుకు ఇటు మున్సిపాల్టీ, అటు మిలిటరీ కంటోన్మెంట్; దాటితే ఆఫీసు మారిపోయే ఊరు మాది. వీడియో మారదా? నాకా తర్కంలో లోపం కనిపించలేదు.

రెండేళ్లుగా పాల ప్యాకెట్‌కు తప్ప గడప దాటని నేను బస్సెక్కాను. ఒక జవాను లేచి సీటిచ్చాడు. కంటోన్మెంట్‌లోని తిరుమలగిరిలో దిగి ఫోన్ తెరిచాం. లేదు. చెట్టు నీడలో తెరిచాం. లేదు. కలీముల్లా నా ఫోన్‌ను మిలిటరీ గేటు వైపు తిప్పబోతే సెంట్రీ మా వైపు తిరిగాడు. ఇద్దరం చెరుకు రసం తాగి బయల్దేరాం. ఇంత విహారం ఏ వీడియో ఇస్తుంది?

యాప్రాల్‌లో కలీముల్లా కూతురు మిస్బా మా పరిశోధన విని, నవ్వలేక సోఫాలో కూలబడింది.

"అబ్బా! కంటోన్మెంట్ వేరే దేశమా?"

"ఏమో బేటీ, ఒక్కోసారి గట్లనే అనిపిస్తది" అన్నాడు కలీముల్లా.

మిస్బా స్నేహితురాలు జెనిఫర్ టొరంటోలో ఉంటుందట. ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టింది. మేం చాయ్ తాగేలోగా జవాబొచ్చింది.

"వంటామె బతికే ఉందంట అంకుల్! స్టవ్ ఆపి, సామాన్లు దించే తలుపు నుంచి బయటపడ్డదంట. ఇంకో గ్రహంల హోటల్ సుత పెట్టిందంట!"

"వదినమ్మ గెలిచింది సార్!" అని కలీముల్లా నా తొడ మీద చరిచాడు.

చూశారా? పదమూడు నిమిషాలు కళ్లు నొప్పించుకోకుండా, చాయ్ బిస్కెట్లతో సహా కథ తేలిపోయింది. ఇది వరం కాక మరేమిటి?

మిస్బా ఇంకా ఫోన్ చూస్తోంది. "ఇది కొత్తదేం కాదంట అంకుల్. ఆడ మూడేండ్ల కిందనే వచ్చిందంట."

మూడేళ్ల కిందట నా పక్క కుర్చీ ఖాళీగా లేదు.

అయినా కంపెనీని ఒక్క మాటా అనను. విదేశీయుణ్ణి చేశారు, బస్సెక్కించారు, చెరుకు రసం తాగించారు. కాకపోతే, ముప్పై నాలుగేళ్లు కల్పలత చేతిలో హాయిగా ఓడిపోతూ వచ్చినవాణ్ణి నేను. "నేను చెప్పలేదూ?" అంటూ ఆవిడ పక్క కుర్చీలోంచి నా వైపు తిరగాల్సిన ఆ ఒక్క ఓటమి మాత్రం, నా ప్రాంతంలో అందుబాటులో లేదు.